నీడ పెరట్లో చలికాలపు సైక్లమెన్: తిరుపతి నేలలో నాటవచ్చునా?

పెరటి నీడ (తిరుపతి):

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంటికి ఉత్తరం వైపున, ప్రహరీ గోడకూ వంటింటి గోడకూ మధ్య ఆరడుగుల వెడల్పున కొంత నేల ఖాళీగా పడి ఉంది. పక్కనున్న సపోటా చెట్టు కొమ్మలు దాని మీదికి వాలడం వలన చలికాలమంతా అక్కడ ఎండ పొడ తగలదు. చామంతి నాటితే కాడలు సాగి వాలిపోతున్నాయి. మల్లె ఆకు వేస్తోంది గాని మొగ్గ తొడగడం లేదు.

ఇంగ్లండులో ఉంటున్న మా అక్క కొడుకు తమ పెరటి ఫొటోలు కొన్ని పంపాడు. ఆకు రాల్చిన చెట్ల మొదళ్ళలో, నేలకు బెత్తెడు ఎత్తు కూడా లేని మొక్కలు, మంచు కురిసిన మరునాడు కూడా ముదురు గులాబీ రంగు పూలతో నిలబడి ఉన్నాయి. దాని పేరు సైక్లమెన్ కూమ్ అని, నీడలో పెరుగుతుందని, చలికాలంలో పూస్తుందని, ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉంటుందని చెప్పాడు. మా పెరటికి కావలసిన గుణాలు ఇవే గదా అనిపించింది. సంక్రాంతికి వచ్చేటప్పుడు దుంపలు తెస్తానంటున్నాడు. మన నేలలో అది బతుకుతుందా? మన ప్రాంతంలో ఎవరైనా నాటి చూశారా? చూసి ఉంటే మట్టి ఎలా కలిపారో, నీరు ఎప్పుడెప్పుడు పెట్టారో దయచేసి తెలియజేయండి.

కుండీల మేడ (తిరుపతి):

నమస్కారం అక్కా. బెంగళూరు నర్సరీల నుండి ఏటా చలికాలంలో మన ఊరికి వచ్చే సైక్లమెన్‌ను నేను కుండీలలో పెంచుతుంటాను. అయితే అది మీరు ఫొటోలో చూసినది కాదు. నర్సరీలలో దొరికేది పెర్సికమ్ జాతి నుండి తయారైన పెద్ద పూల రకం. దాని ఆకు అరచేతి వెడల్పు ఉంటుంది, పూకాడ జానెడు ఎత్తు లేస్తుంది. మీ అక్క కొడుకు పెరట్లోది చిన్నది, గుండ్రటి ఆకుది, మంచును తట్టుకునేది. ఆ జాతి మన నర్సరీలలో ఎక్కడా నా కంట పడలేదు.

పెర్సికమ్ రకం మాత్రం ఉత్తరపు వసారాలో డిసెంబరు, జనవరి నెలల్లో చక్కగా పూస్తుంది. శివరాత్రి వచ్చేసరికి ఆకులు పండిపోవడం మొదలవుతుంది. నేలలో నాటే సాహసం నేను చేయలేదు.

ఉద్యాన మాస్టారు (తిరుపతి):

ఈ మొక్క పుట్టింటి వాతావరణాన్ని ముందుగా గమనిస్తే మిగిలిన ప్రశ్నలకు దారి తెరుచుకుంటుంది. సైక్లమెన్ ప్రజాతిలో ఇరవైకి పైగా జాతులు ఉన్నాయి. 1986లో సొమాలియాలో కనుగొన్న ఒక జాతిని పక్కన పెడితే, దాదాపు అన్నీ మధ్యధరా సముద్రపు చుట్టుపక్కల దేశాలలోను, అక్కడి నుండి ఇరాన్ ఉత్తర భాగం దాకా ఉన్న కొండ నేలలలోను పుట్టినవే. మీరు అడిగిన కూమ్ జాతి బల్గేరియా, తుర్కియే, కాకసస్ ప్రాంతాల అడవులలో చెట్ల కింద పెరుగుతుంది. కుండీలలో అమ్మే పెర్సికమ్ జాతికి తుర్కియే దక్షిణం నుండి సిరియా, లెబనాన్, ఇజ్రాయెల్ దాకా ఉన్న రాతి కొండలు పుట్టిల్లు. ఆకులు ఐవీ తీగ ఆకులను పోలి ఉండే హెడెరిఫోలియమ్ అనే మరొక జాతి దక్షిణ ఐరోపాది. అది చలికాలం రాకముందే, శరత్తులోనే పూస్తుంది.

ఆ దేశాలలో వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా ఉంటుంది. అందువలన ఈ మొక్కలు శరత్తులో తొలి వానలకు ఆకు వేసి, చలిలో పూసి, ఎండలు ముదిరేసరికి ఆకులను వదిలి, దుంపగా నేలలో నిద్రపోతాయి. మన కంద, నాభి, భూచంపకం ఇందుకు పూర్తిగా తలకిందుల పద్ధతిలో నడుస్తాయి. అవి చలికాలంలో నిద్రించి, ఎండాకాలం చివరనో తొలకరిలోనో లేస్తాయి. ఒకే నేలలో రెండు రకాల దుంపలను పెట్టి, ఒకటి నిద్రలో ఉండగా మరొకటి మేల్కొనేలా చేయవచ్చునని కొందరు ఉత్సాహపడతారు గాని, ఒకదానికి పోసే నీరు నిద్రలో ఉన్న రెండవదాన్ని కుళ్ళబెడుతుంది.

ఇక మన ఊరి సంగతి. తిరుపతికి వానలో పెద్ద వాటా అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వలన వస్తుంది. అంటే సైక్లమెన్ మేల్కొనే వేళకే మనకూ వాన పడుతుంది. ఆ ఒక్క విషయంలో విజయవాడ, హైదరాబాదుల కంటే మన నేల దానికి దగ్గర. ఉష్ణోగ్రత మాత్రం కలవదు. ఈ మొక్క పగటి వేడి ఇరవై డిగ్రీల లోపు, రాత్రి వేడి పది, పదిహేను డిగ్రీల మధ్య ఉన్నప్పుడు హాయిగా పెరుగుతుంది. తిరుపతిలో జనవరి రాత్రులు సాధారణంగా 18 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి, పగలు ముప్ఫైకి చేరువవుతుంది. మనం మన చలికాలం అనుకునేది ఆ మొక్కకు వసంతం ముగిసే కాలంతో సమానం.

అంతకంటే పెద్ద చిక్కు వేసవిలో ఉంది. నిద్రలో ఉన్న దుంప పొడి వేడిని కొంతవరకు ఓర్చుకుంటుంది గాని, వేడీ తడీ కలిస్తే ఓర్చుకోలేదు. మనకు మే నెలలో ఉరుములతో పడే జల్లులు, జూన్ నుండి సెప్టెంబరు దాకా విడతలు విడతలుగా వచ్చే నైరుతి వానలు సరిగ్గా అది నిద్రించే నెలల్లోనే పడతాయి. కాబట్టి ‘మంచును తట్టుకునేది’ అన్న గుణం చూసి ఈ మొక్కను ఎంచుకోవడం మన అవసరానికి సంబంధించిన ఎంపిక కాదు. మనకు మంచు లేదు. వేసవిని ఏ జాతి ఎలా గడుపుతుందన్నదే మనం చూడాలి. ఆ లెక్కన, పొడి రాతి కొండలలో కఠినమైన ఎండలు చూసిన పెర్సికమ్ మనకు కొంత దగ్గర, అడవి నీడలో చల్లటి మట్టికి అలవాటు పడిన కూమ్ చాలా దూరం.

దూరపు పెరడు (ఇంగ్లండు, స్వస్థలం చిత్తూరు):

మాస్టారు గారి వివరణ చదివాక, ఇక్కడి నేలలో కూమ్ ఎలా బతుకుతుందో నేను చూసినంతలో చెబుతాను. పోల్చుకోవడానికి పనికి రావచ్చు.

మా పెరట్లో అది బర్చ్ చెట్టు కింద ఉంది. చెట్టు అక్టోబరు, నవంబరులలో ఆకు రాలుస్తుంది. సరిగ్గా అప్పుడే దీని ఆకులు నేలను కప్పడం మొదలుపెడతాయి. అంటే ఆకు పనిచేసే నెలలన్నిటా దీనికి కొమ్మల సందుల నుండి వెలుతురు దొరుకుతుంది. మే వచ్చి చెట్టు గుబురయ్యేసరికి దీని ఆకులు మాయమవుతాయి. వేసవిలో బర్చ్ వేళ్ళు నేలలోని తేమనంతా లాగేసుకోవడం వలన దుంపకు పొడి విశ్రాంతి దానంతట అదే దొరుకుతుంది. కాబట్టి ‘నీడ మొక్క’ అన్న మాటను కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. దీనికి కావలసినది వేసవి నీడ మాత్రమే. ఏడాది పొడవునా చీకటిగా ఉండే మూలలో ఇది ఆకులు వేస్తుంది గాని పూలు బాగా తగ్గిపోతాయి.

ఇక్కడ డిసెంబరు చివరి నుండి మార్చి దాకా పూస్తుంది. మొక్క ఎత్తు ఏడెనిమిది సెంటీమీటర్లకు మించదు. పూరేకులు వెనక్కు మడిచి పైకి నిలబడతాయి, నోరు నేల వైపుకు ఉంటుంది. రేకుల మొదట్లో ముదురు మచ్చ ఉంటుంది. తెల్ల పూలలో ఆ మచ్చ మరీ స్పష్టం. అయితే నాకు పూల కంటే ఆ తరువాత జరిగే పనే ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. పరాగ సంపర్కం జరిగి రేకులు రాలాక, కాడ పై చివర నుండి మొదలుపెట్టి మురుకు చుట్టలా వరుసగా చుట్టుకుంటూ, కాయను కిందికి లాగి ఆకుల కింద మట్టికి ఆనిస్తుంది. వేసవి మొదట్లో కాయ పగిలితే లోపల గోధుమ రంగు గింజలు జిగటగా ఉంటాయి. వాటి మీది తీపి పూత కోసం చీమలు గింజలను మోసుకెళ్ళి, పూతను తిని గింజను వదిలేస్తాయి. మా ఇటుక దారి సందులలో, నేను ఎన్నడూ నాటని చోట, చిన్న చిన్న మొలకలు కనిపించడం వాటి చలవే. పెర్సికమ్ కాడ ఇలా చుట్టుకోదు, ఊరికే వంగుతుంది. ఏది ఏ జాతో తెలియనప్పుడు ఈ గుర్తు పనికివస్తుంది.

దుంపల గురించి ఒక మాట. ఎండబెట్టి సంచులలో అమ్మే దుంపలను ఇక్కడి తోటమాలులు కూడా అంతగా నమ్మరు. ఎక్కువ రోజులు పొడిగా ఉన్న కూమ్ దుంప మళ్ళీ వేరు పట్టడం కష్టం. ఆకుతో ఉన్న చిన్న కుండీ మొక్కను కొని నాటడమే మేలు. పైగా దుంపకు తల ఏది, అడుగు ఏది అన్నది కూడా చూసుకోవాలి. కూమ్ దుంపకు అడుగు మధ్య నుండి వేళ్ళు వస్తాయి. హెడెరిఫోలియమ్‌కు పైభాగం నుండి, పక్కల నుండి వస్తాయి. అది తెలియక తలకిందులుగా నాటేవారు చాలామంది ఉన్నారు.

చిత్తూరు మామిడి (చిత్తూరు):

అందరికీ నమస్కారం. పెద్దలు చెప్పినదంతా చదివాను. నా సందేహం సూటిగా అడుగుతున్నాను, ఎవరూ మరోలా అనుకోవద్దు. ఇంగ్లండు చెట్టు చలికాలంలో ఆకు రాల్చి వెలుతురు ఇస్తుంది, వేసవిలో నీడ ఇస్తుంది. మన సపోటా, మామిడి ఏడాదంతా పచ్చగానే ఉంటాయి. వేప మాఘ, ఫాల్గుణాలలో ఆకు రాలుస్తుంది, అంటే ఎండలు ముదురుతున్నప్పుడు నేల బోసిపోతుంది. అక్కడి చెట్టు ఇచ్చేదానికి మన చెట్టు ఇచ్చేది తిరగబడి ఉంది. అలాంటప్పుడు చెట్టు కింద నేలలో దీన్ని పెట్టి ఏం లాభం? చలికాలంలో పూసే మన మొక్కలు లేవా?

ఉద్యాన మాస్టారు (తిరుపతి):

మంచి పరిశీలన. మన వీధులలో ఆ క్రమానికి కొంత దగ్గరగా నడిచేది బాదం చెట్టు ఒక్కటే. అది చలికాలంలో ఆకులు ఎర్రబడి రాలుస్తుంది. కానీ ఏడాదిలో రెండవసారి కూడా రాలుస్తుంది, పైగా ఆ ఆకు దళసరి. చిన్న మొక్కల మీద పడితే గాలి ఆడకుండా కప్పేస్తుంది, రోజూ ఏరిపారేయవలసిందే.

పెరటి నీడ గారు చెప్పిన ఉత్తరపు నేల గురించి మరొక విషయం చెప్పడం అవసరం. ఇంగ్లండు పుస్తకాలలో ‘ఉత్తరపు గోడ పక్కన నాటండి’ అని కనిపించే సలహాను మనం యథాతథంగా పాటించకూడదు. లండన్ దాదాపు 51.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉంటాడు. తిరుపతి 13.6 డిగ్రీల దగ్గర ఉంది. ఏప్రిల్ చివరి వారం నుండి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరం వైపుకు జరుగుతాడు. చలికాలంలో ఎండ పొడ తగలని ఆ గోడ పక్క, కత్తిరి ఎండలలో పొద్దెక్కినప్పటి నుండి నేరుగా కాలుతుంది. సపోటా కొమ్మలు కప్పి ఉన్నంత మేర ఫరవాలేదు, కొమ్మలు లేని భాగంలో గోడ వేడి కూడా తోడవుతుంది. వేసవిలో చల్లగా ఉండవలసిన దుంపకు ఇంతకంటే ప్రతికూలమైన చోటు ఉండదు. ఒక్కసారి మే నెలలో పన్నెండు, ఒంటిగంట మధ్య ఆ నేలను చూసి, నీడ ఎక్కడిదాకా ఉందో సున్నంతో గీత గీసుకోండి. ఏ మొక్క నాటినా ఆ గీత మీకు ఉపయోగపడుతుంది.

హార్సిలీ గాలి (మదనపల్లె):

మాది మదనపల్లె. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉండడం వలన తిరుపతి కంటే రాత్రులు చల్లగా ఉంటాయి. పెర్సికమ్‌ను మా ఇంట్లో వేసవి దాటించి, మళ్ళీ పూయించిన అనుభవం ఉంది గనుక చెబుతున్నాను. అన్ని దుంపలూ దాటవు. కొన్ని మెత్తబడి పోతాయి, మిగిలినవి మరుసటి ఏడు ఆకు వేస్తాయి. రెండవ ఏట పూలు తక్కువ, కాడలు పొట్టి. నర్సరీ వారు పాలీహౌసులో వేడినీ తేమనూ అదుపులో పెట్టి పెంచిన తొలి ఏటి పూతతో దానిని పోల్చుకుంటే నిరాశే మిగులుతుంది.

కొనేటప్పుడు పూలను చూసి కొనవద్దు. ఆకులను మెల్లగా పక్కకు తొలగించి మధ్యలోకి చూడండి. మట్టి మట్టానికి దగ్గరగా, కాడలు పుట్టే చోట, ముడుచుకున్న చిన్న మొగ్గలు గుంపుగా కనిపించాలి. అవి లేకుండా పైన విచ్చిన పూలు మాత్రమే ఉంటే, ఆ కుండీ రెండు వారాల్లో బోసిపోతుంది. తరువాత దుంప పైభాగాన్ని బొటనవేలితో తాకి చూడండి. పచ్చి కంద ముక్కంత గట్టిగా ఉంటే మంచిది, వేలు దిగినట్టు అనిపిస్తే అక్కడే వదిలేయండి. కాడల మొదట్లో బూడిద రంగు బూజు ఉన్నదాన్ని కూడా ఇంటికి తేవద్దు. ఒక నర్సరీ నుండి అలాంటిది వస్తే, పక్కనున్న బిగోనియాలకూ అంటుకుంది.

చిత్తూరు మామిడి గారు అడిగినది సబబే గాని, మొత్తంగా వదులుకోనక్కరలేదని నా ఉద్దేశం. హార్సిలీ కొండ మీద, 1,265 మీటర్ల ఎత్తున, కూమ్‌ను నేలలో ప్రయత్నించడానికి అవకాశం ఉందనుకుంటున్నాను. అయితే అక్కడా నైరుతి వానలు పడతాయి గనుక, వాలుగా ఉన్న చోట గులకరాళ్ళు కలిపిన మట్టిలో, పైన రేకు చూరు ఉన్నచోటే పెట్టాలి.

పెరటి నీడ (తిరుపతి):

అందరికీ కృతజ్ఞతలు. సూర్యుడు ఉత్తరం వైపుకు జరిగే సంగతి మా అత్తగారికి చెబితే, ‘వేసవిలో వంటిల్లు కాలిపోయేది అందుకే గదా’ అన్నారు. నేల సంగతి అర్థమైంది. కానీ సంక్రాంతికి మా అక్క కొడుకు తెచ్చే దుంపల మాట ఏమిటి? కొన్ని మదనపల్లె వారికి ఇచ్చి, కొన్ని నేను కుండీలో పెట్టుకుంటే పోలా? సామానులో నాలుగు దుంపలు తేవడానికి అభ్యంతరం ఏముంటుంది?

ఉద్యాన మాస్టారు (తిరుపతి):

అభ్యంతరం ఉందమ్మా, చిన్నది కాదు. మొక్కలు, దుంపలు, విత్తనాలు విదేశాల నుండి మన దేశంలోకి రావాలంటే 2003 నాటి మొక్కల దిగ్బంధ (ప్లాంట్ క్వారంటైన్) ఉత్తర్వు ప్రకారం ముందుగా దిగుమతి అనుమతి, అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అవి లేకుండా సామానులో తెచ్చిన దుంపలను విమానాశ్రయంలో పట్టుకుంటే స్వాధీనం చేసుకుంటారు. దుంపకు అంటిన కొద్దిపాటి మట్టితో కూడా కొత్త పురుగులు, నులిపురుగులు రాగలవు. ఆ నియమం వెనుక ఉన్న కారణం అదే.

రెండవది, అంతరించే ప్రమాదం ఉన్న జాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం (సైట్స్) రెండవ అనుబంధంలో సైక్లమెన్ ప్రజాతి మొత్తం ఉంది. మన శేషాచలం ఎర్రచందనం ఉన్నదీ ఆ అనుబంధంలోనే. ఎర్రచందనం గురించి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. తుర్కియే కొండలలో అడవి దుంపలను తవ్వి సంచులకెత్తి ఐరోపాకు అమ్మిన చరిత్ర వలననే సైక్లమెన్‌కూ ఆ రక్షణ అవసరమైంది. నర్సరీలో పెంచిన పెర్సికమ్ రకాలకు అందులో మినహాయింపు ఉన్నది గాని, ఆ మినహాయింపు కూడా ఆకు లేని నిద్ర దుంపలకు వర్తించదు. మీ అక్క కొడుకు తెచ్చేది కూమ్, దానికైతే ఆ మినహాయింపే లేదు. వద్దని చెప్పండి.

దూరపు పెరడు (ఇంగ్లండు, స్వస్థలం చిత్తూరు):

మాస్టారు గారు చెప్పినది నిజం. పైగా సంక్రాంతి వేళకు ఇక్కడ కూమ్ నిండు పూతలో ఉంటుంది. అప్పుడు తవ్వితే ఇక్కడి మొక్కా పోతుంది, అక్కడా బతకదు. మదనపల్లె వారు అనుమతులతో విత్తనాలు తెప్పించుకోగలిగితే అదే సరైన దారి. గింజలను గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానబెట్టి, పైన అర సెంటీమీటరు మట్టి కప్పి, పూర్తిగా చీకటిలో ఉంచాలి. పదిహేను, పదహారు డిగ్రీల దగ్గర నెలకో, నెలన్నరకో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో మొలుస్తాయి. ఇరవై డిగ్రీలు దాటితే మొలక ఆగిపోతుంది. తొలుత ఒకే ఒక చిన్న ఆకు పైకి వస్తుంది, మట్టి కింద మాత్రం ఆవగింజంత దుంప అప్పటికే తయారై ఉంటుంది. అక్కడి నుండి పూత చూడడానికి రెండు మూడేళ్ళు పడుతుంది.

చిత్తూరు మామిడి (చిత్తూరు):

మూడేళ్ళా! ఆ లోపల బెంగుళూరా మామిడి అంటు కాపుకు వస్తుంది.

పెరటి నీడ గారూ, నేల ఖాళీగా ఉంచవద్దు. మీ సపోటా కింద డిసెంబరం పూల మొక్కలు పెట్టండి. ఊదా, తెలుపు, గులాబీ చారల రకాలు మూడూ మన దగ్గర దొరుకుతాయి. కొమ్మ నాటితే వేరు పడుతుంది, కార్తీకం నుండి ధనుర్మాసం చివరిదాకా పూస్తుంది. కనకాంబరంతో కలిపి మాల కడితే ఎంత బాగుంటుందో మీకు నేను చెప్పాలా? సగం నీడ దానికి చాలు. మరీ చీకటిగా ఉన్న వైపు ఏం పెట్టాలో మాస్టారు చెప్పాలి.

ఉద్యాన మాస్టారు (తిరుపతి):

చీకటి వైపుకు ఎరాంథిమమ్ పల్కెల్లమ్ అనే పొద సరిపోతుంది. మన దేశపు మొక్కే, అడవి చెట్ల కింద పెరుగుతుంది. చలికాలం నడిమి నుండి చిక్కటి నీలం పూలు వెన్నులుగా వస్తాయి. నీడలో ఆ నీలం ఎండలో కంటే బాగా కనిపిస్తుంది. పూత అయిపోగానే మోకాలెత్తుకు కత్తిరించకపోతే, కాడలు పొడవుగా పెరిగి మొదలు బోసిపోతుంది. కత్తిరించిన ముక్కలే మళ్ళీ నాట్లకు పనికివస్తాయి. ముందు వరుసలో డిసెంబరం, గోడ వైపు ఎరాంథిమమ్ పెడితే సరి. సపోటా వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి లోతుగా తవ్వవద్దు. బాగా చివికిన ఆకుమన్ను, మాగిన పశువుల ఎరువు నాలుగు అంగుళాల మందాన పైన పరిచి, అందులోనే నాటండి. సపోటా కాండం చుట్టూ మాత్రం ఎరువు ఆనకుండా జానెడు ఖాళీ వదలండి.

పెరటి నీడ (తిరుపతి):

మా అక్క కొడుక్కు వద్దని చెప్పేశాను. దుంపలకు బదులు ఈ ఏడు తీసిన ఫొటోలు అచ్చు వేయించి తెస్తానన్నాడు. నేలలో డిసెంబరం, ఎరాంథిమమ్ పెడతాను. సైక్లమెన్ మీద మోజు మాత్రం తీరలేదు కాబట్టి, పెర్సికమ్ కుండీలు రెండు వసారాలో పెట్టుకుందామనుకుంటున్నాను. కుండీల మేడ గారు నీరు, మట్టి సంగతి, మదనపల్లె వారు వేసవి సంగతి కొంచెం వివరంగా చెప్పండి.

కుండీల మేడ (తిరుపతి):

అక్కా, నవంబరు పెద్ద వానలు తగ్గాకనే కొనండి. 2021 నవంబరులో మన ఊరి వీధులు మునిగినప్పుడు చూశాం గదా, అలాంటి ముసురులో గాలిలో తేమ ఎక్కువై, వసారాలో ఉన్న మొక్కలకు కూడా బూజు పడుతుంది. మార్గశిరంలో తెస్తే సంక్రాంతికి నిండుగా ఉంటుంది.

ప్లాస్టిక్ కుండీ కంటే మట్టి కుండీ మంచిది, గోడల గుండా తేమ ఆరి లోపలి మట్టి చల్లగా ఉంటుంది. కుండీ మార్చవలసి వస్తే, ఎర్రమన్ను, ఆకుమన్ను, ముతక ఇసుక సమంగా కలపండి. కొబ్బరి పొట్టు ఎక్కువైతే పైన ఎండినట్టు కనిపిస్తూ లోపల తడి నిలుస్తుంది. పెర్సికమ్ దుంప పైసగం మట్టి మీదికి కనిపించేలా ఉండాలి, పూర్తిగా పూడ్చకూడదు. నీరు దుంప నడినెత్తిన పోయవద్దు. పళ్ళెంలో పోసి కుండీని అందులో పెట్టి, అరగంట తరువాత మిగిలిన నీరు పారబోయండి. కుండీ ఎత్తి చూస్తే తేలికగా అనిపించినప్పుడే మళ్ళీ పెట్టాలి. ఆకులు వాలినంత మాత్రాన నీరు అడుగుతోందని అనుకోవద్దు, నీరు ఎక్కువైనా అలాగే వాలుతుంది.

వాడిన పూలను కత్తెరతో కత్తిరించకండి. మిగిలిన కాడ ముక్క కుళ్ళి దుంపకు పాకుతుంది. కాడను మొదట్లో పట్టుకుని ఒక్కసారి మెలిపెట్టి లాగితే శుభ్రంగా ఊడివస్తుంది. రాత్రిపూట కుండీలను పిట్టగోడ పక్కకు, బయటి చల్లగాలికి మార్చి, పొద్దున్నే వసారాలోకి తెచ్చేస్తుంటాను. రాత్రి చల్లదనం దొరికినన్ని రోజులు పూత ఎక్కువగా నిలుస్తోంది. ఫ్యాను కింద, టీవీ పక్కన, వంటింటి కిటికీలో పెడితే వారానికే పండిపోతుంది.

హార్సిలీ గాలి (మదనపల్లె):

వేసవి సంగతి. ఆకులు పండడం మొదలవగానే నీరు క్రమంగా తగ్గించి, ఆకులన్నీ ఎండాక పూర్తిగా ఆపేయండి. కుండీని పక్కకు వాల్చి, మేడమెట్ల కింద గాలి ఆడే చోట పెట్టండి. వాన జల్లు, తుడిచిన నీరు తగలకూడదు. నెలకోసారి దుంపను నొక్కి చూసి, మెత్తబడినది ఉంటే తీసేయండి. తిరుపతిలో అక్టోబరు రాత్రులు ఇంకా వెచ్చగానే ఉంటాయి కాబట్టి, తొలి వాన పడిందని తొందరపడి నీరు పోయవద్దు, కార్తీకం సగం గడిచేదాకా ఆగండి. అప్పుడు పాత మట్టి దులిపి, కొత్త మట్టిలో పెట్టి, అంచుల వెంట కొద్దిగా నీరు చల్లండి. ఆకు మొన కనిపించాకనే నీరు పెంచాలి. ఎరువు పిడకలు, వేపపిండి ఎక్కువ వేయకండి, ఆకు పెరిగి పూత తగ్గుతుంది.

విత్తనాల అనుమతి గురించి ఇక్కడి వారిని విచారిస్తున్నాను. తెలిసింది ఇదే చర్చలో రాస్తాను. ఇంట్లో పిల్లులు, పసిపిల్లలు ఉంటే మాత్రం కుండీని ఎత్తున పెట్టండి, నిద్రలో ఉన్న దుంపనైతే మరీ జాగ్రత్తగా. ఆకులోనూ దుంపలోనూ ఉండే సాపోనిన్లు వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి, దుంపలో వాటి పాలు ఎక్కువ.